రంగు పడని చోటు

చౌటుప్పల్ బస్టాండు ఎదురుగ, చెప్పుల దుకాణం మీది గదిల
మధ్యాన్నం మూడింటికి
పాత జాకెట్ గుడ్డల సుట్టిన హార్డ్ డిస్కు తెచ్చి
నా టేబుల్ మీద పెట్టింది కొయ్యలగూడెం అండాలమ్మ,
తూకానికి నూలు తెచ్చినట్టు,
బరువెంతో తనకు ముందే తెలిసినట్టు.

"కరెంటు పోయింది జాంగీరు. వచ్చింది. మల్ల పోయింది.
ఇగ తెరుస్తలేదు.
నెట్ సెంటర్ల పెడితే ఫార్మాట్ చెయ్యాల్నా అని అడిగింది.
పిల్లగాడు ఔనని నొక్కబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చిన."

ఆ దెబ్బకు మనసుల దండం పెట్టిన.
పద్దెనిమిదేండ్ల గ్రాఫులు దాని మీదనే నిలబడ్డయి.

ముందుగాల చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవుడు.
చదవాలె, రాయొద్దు.
కొత్తక్షరం ఒక్కటి పడ్డా
అది ఏ పాతదాని మీద పడుతదో తెల్వదు.
నేనీ సంగతి ఇంగ్లీషు ముక్కలల్ల నములుతుంటే
ఆమె సంచిలకెల్లి సైకిల్ ట్యూబు పీలిక తీసింది.
"చిటికి కట్టుడే గదా.
రంగు పోవద్దన్న కాడ బిర్రుగ కడ్తం.
తొట్టిల మునిగినా ఆ పోగు తెల్లగనే లేస్తది."

ఇరవైరెండేండ్లసంది ఈ పనిల ఉన్న.
రీడ్ ఓన్లీ అన్న మాటకు
ఆ రోజు తెలుగు దొరికింది.

పాతదాన్ని కొత్తదాంట్లకు దింపుడు మొదలువెట్టిన.
చెడిన కాడ ఆగలే, దాటి పోయిన.
మంచియన్ని తెచ్చుకున్నంక
వెనుకనుంచి వచ్చి చెడినదాన్ని మెల్లగ అడిగిన.
కింద హైదరాబాదు బస్సు కదిలినప్పుడల్ల టేబుల్ వణుకుతది;
డిస్కు కింద తువ్వాల మడతపెట్టిన.
అది కీచుమన్నది. ఆమె నా మొఖం చూసింది.
ఆఖరి బస్సుకు పోయింది.

అసలుదాన్ని పక్కకు పెట్టి
నకలు మీదనే చెయ్యేసిన.
ఏది ఎక్కడున్నదో చెప్పే మొదటి పలక పాడైంది.
కానీ దీన్ని కట్టినోడు ముందుచూపుగలోడు,
ఇంకో కాడ దాని జాడ దాచిపెట్టిండు:
ముప్పైరెండువేల ఏడువందల అరవైఎనిమిదో గడి.
తట్టిన.
పలికింది.

ఇగ అడుగుడు షురువైంది.
ఇది సరిచెయ్యాల్నా? ఇది తెంపెయ్యాల్నా?
అన్నిటికి ఒక్కసారే ఔననే ఉపాయం ఒకటుంది,
దాన్ని ఎలుకలమందు డబ్బ లెక్క అందనంత ఎత్తుల పెడ్త.
మొదటిసారి అన్నిటికి కాదన్న.
ఏమేం అడిగిందో కాయిదం మీద రాసుకున్న.
రెండు చాయలు తాగినంక
ఒక్కొక్కదానికి జవాబిచ్చిన.

తెల్లారేసరికి బొమ్మలొచ్చినయి, పేర్లు రాలే.
నాలుగువందల పన్నెండు, ఒక్క మూటల,
ఒంటి మీద నెంబర్లు తప్ప ఏం లేకుంట.

"పేర్లదేముంది, తెరువు" అన్నది
మొదటి ఆటోల దిగిన అండాలమ్మ.
"ఇది గడియారం రుమాలు.
ఇది విమానం.
ఇది మా అత్త గీసిన ఏనుగు, తొండం పొట్టిది సూడు,
ఆ దినం కాయిదం అయిపోయింది.
ఇది మాది కాదు, రాపోలు సత్తెమ్మది, ఎట్లొచ్చిందో ఇండ్ల!"
ఆమె చెప్పుకుంట పోయింది, నేను పేర్లు కొట్టుకుంట పోయిన.

ఒక్కటి మాత్రం సగమే తెరుచుకున్నది.
కింది సగం బూడిద.
బూడిద అంచున వేలు పెట్టి గడులు లెక్కబెట్టింది.
"ఇరవైనాలుగు. ఈడికెల్లి మల్ల పైకే, అద్దంల లెక్క.
సగముంటే సాలు, నేను గీస్త."
జరసేపు ఊకున్నది.
"కింద మూలకు ఒక తప్పు ఉండె.
ఏ గడిలనో యాదికొస్తలేదు."

ఆ తప్పు కోసం ఇంకో రాత్రి దేవులాడిన.
దొరకలే.

పైసలిచ్చింది. రెండు నకళ్లు కావాలన్నది,
ఒకటి సొసైటీకి,
ఒకటి పుట్టపాకల చెల్లె బీరువకు, చీరల అడుగుకు.
పాత డిస్కు నన్ను పారెయ్యనియ్యలే.
ట్యూబు పీలిక మూడు సుట్లు సుట్టి
పండ్లతోటి బిగించి ముడేసింది.

ఆ ముడి కోస్తే తప్ప రాదు.